ఓడ ఎవరిదన్నది సరే, అందులో మనుషుల మాటేమిటి?

1939 నవంబర్ 3. నార్వే పడమటి తీరంలో హౌగెసుండ్ అనే ఊరు, హెర్రింగ్ చేపల వ్యాపారంతో ఎదిగిన రేవు. అక్కడికి ఒక సరుకు ఓడ వచ్చి లంగరు వేసింది. పేరు సిటీ ఆఫ్ ఫ్లింట్. ఓడ అమెరికాది. బాయిలర్ దగ్గర్నుంచి వంటగది దాకా పనిచేస్తున్నవాళ్లూ అమెరికన్లే. పెత్తనం మాత్రం తుపాకులు పట్టుకుని తిరుగుతున్న కొద్దిమంది జర్మన్ నావికులది. ఎందుకు ఆగారని నార్వే అధికారులు అడిగితే, సిబ్బందిలో ఒకరికి ఒంట్లో బాగాలేదని చెప్పారు.

ఆ కారణం చెల్లదని నార్వే తేల్చింది. ఆ రాత్రే నార్వే నావికులు ఆయుధాలతో ఓడెక్కి, జర్మన్లను దించి నిర్బంధంలోకి తీసుకుని, ఓడను దాని అసలు కెప్టెన్ జోసెఫ్ గేనార్డ్‌కు అప్పగించారు. ఒక్క తూటా కూడా పేలలేదు. వాషింగ్టన్, బెర్లిన్, మాస్కో, ఓస్లో రాజధానుల మధ్య దాదాపు రెండు వారాలుగా నలుగుతున్న తగాదా అలా లంగరు దగ్గర తెగింది.

ఈ కథను చాలామంది రెండో ప్రపంచ యుద్ధం తొలి నెలల్లో జరిగిన ఒక చిన్న సంఘటనగా చెప్పి వదిలేస్తారు. అది సరికాదు. యుద్ధంతో సంబంధం లేని దేశపు ఓడ, యుద్ధంలో ఉన్న దేశం చేతికి చిక్కితే ఏం జరుగుతుందో, ఏ దేశం ఏ మాట వెనక దాక్కుంటుందో, ఓడలోని మనుషులు ఎక్కడ మరుగున పడిపోతారో అర్థం చేసుకోవడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

ముందు చట్టం సంగతి. తటస్థ దేశపు వాణిజ్య ఓడను నడిసముద్రంలో ఆపి సోదా చేసే హక్కు యుద్ధంలో ఉన్న దేశానికి ఉంటుందని చాలాకాలంగా దేశాలన్నీ ఒప్పుకుంటూ వచ్చాయి. శత్రువుకు చేరబోయే యుద్ధ నిషిద్ధ సరుకు దొరికితే ఓడను పట్టుకుని తన దేశపు రేవుకు తీసుకెళ్లొచ్చు. అయితే పట్టుకున్నంత మాత్రాన ఓడ సొంతమైపోదు. ప్రైజ్ కోర్టు అనే ప్రత్యేక న్యాయస్థానం విచారించి, పట్టుకోవడం సబబేనని తీర్పు చెప్పాలి. అప్పటిదాకా ఆ ఓడ ఆస్తి తగాదాలో ఉన్న పొలం లాంటిది. సాగు చేస్తున్నది ఒకరు, పట్టా ఉన్నది ఇంకొకరికి.

చిక్కంతా పట్టుకున్న చోటుకీ ఆ కోర్టుకీ మధ్య ఉన్న దూరంలో ఉంది. అట్లాంటిక్ నడిమధ్య ఒక ఓడను పట్టుకున్న జర్మనీ, దాన్ని బ్రిటిష్ నౌకాదళం కళ్లుగప్పి వేల మైళ్లు నడిపించి ఇంటికి చేర్చాలి. దారిలో బొగ్గు, మంచినీళ్లు అయిపోతాయి. ఏదో ఒక తటస్థ రేవులోకి దూరక తప్పదు. అక్కడి నుంచే దౌత్యం మొదలవుతుంది.

సిటీ ఆఫ్ ఫ్లింట్ అప్పటికే అమెరికాలో పేరు తెలిసిన ఓడ. 1939 సెప్టెంబర్ 3న, బ్రిటన్ యుద్ధం ప్రకటించిన రోజే, అథీనియా అనే ప్రయాణికుల ఓడను జర్మన్ జలాంతర్గామి ముంచేసింది. అందులోంచి బతికి బయటపడ్డవాళ్లలో రెండు వందల మందికి పైగా ఎక్కించుకుని కెనడాలోని హాలిఫాక్స్‌కు చేర్చింది ఈ ఓడే. ఆ తర్వాత న్యూయార్క్‌లో సరుకు నింపుకుని అక్టోబర్ 3న బ్రిటన్ వైపు బయలుదేరింది. ట్రాక్టర్లు, ధాన్యం, కందెన నూనె లాంటి కలగలుపు సరుకు అది. అక్టోబర్ 9న జర్మన్ యుద్ధనౌక డాయిచ్‌లాండ్ దారిలో అడ్డగించింది.

జర్మన్లు సరుకు కాగితాలు చూశారు. కందెన నూనె లాంటివి నిషిద్ధ సరుకు కిందికి వస్తాయన్నారు. ఇక్కడ ఒక లెక్క ఉంది. 1909 నాటి లండన్ డిక్లరేషన్ ప్రకారం ఓడలోని సరుకులో విలువలోగానీ, బరువులోగానీ, పరిమాణంలోగానీ, రవాణా కిరాయిలోగానీ సగానికి మించి నిషిద్ధమైతే సరుకుతో పాటు ఓడను కూడా స్వాధీనం చేసుకోవచ్చు. ఆ డిక్లరేషన్‌కు దేశాల ఆమోదం దొరకక అది ఎప్పుడూ అమల్లోకి రాలేదు. అయినా దేశాలు తమకు పనికొచ్చినప్పుడు అందులోని మాటల్నే వాడుకున్నాయి. ఇక నిషిద్ధ సరుకు జాబితా ఎవరు రాస్తారు? యుద్ధం చేస్తున్న దేశమే. జాబితా రాసేదీ వాళ్లే, సోదా చేసేదీ వాళ్లే, చివరికి తీర్పు చెప్పే కోర్టూ వాళ్లదే. తటస్థ దేశాలకు ఈ ఏర్పాటు మీద మొదటినుంచీ ఉన్న కోపం న్యాయమైనదే.

ఆయుధాలతో కొందరు జర్మన్లు ఓడెక్కారు. ఇరవై మందికి లోపే. వాళ్లతో పాటు ఇంకో 38 మందిని కూడా ఎక్కించారు. వాళ్లు అంతకు నాలుగు రోజుల ముందు డాయిచ్‌లాండ్ ముంచేసిన స్టోన్‌గేట్ అనే బ్రిటిష్ ఓడ సిబ్బంది. అంటే ఇప్పుడు ఒకే ఓడలో మూడు రకాల మనుషులున్నారు. పట్టుకున్న జర్మన్లు, శత్రు దేశపు పౌరులైన బ్రిటిష్ నావికులు, ఎవరికీ శత్రువులు కాని అమెరికన్లు. చట్టం ముగ్గురినీ మూడు రకాలుగా చూస్తుంది. సముద్రం మీద ఆ తేడా పెద్దగా కనబడలేదు. ఓడ నడపాలంటే ఇంజిన్ తెలిసినవాళ్లు కావాలి, ఆ పని తెలిసింది అమెరికన్లకే. కాబట్టి తమ ఓడను తామే, తుపాకీ నీడలో, తాము వెళ్లకూడదనుకున్న దిక్కుకు నడిపారు.

దారిలో ఓడ పక్కలమీది అమెరికా గుర్తుల్ని రంగుతో కప్పేశారు. డెన్మార్క్ ఓడలాగా వేషం వేసి ‘ఆల్ఫ్’ అని పేరు రాశారు. రంగు డబ్బా, కుంచె ఉంటే ఓడ జాతీయత మారిపోయింది. ఆ క్షణాన బ్రిటిష్ యుద్ధనౌక ఎదురైతే అందులో అమెరికన్లున్నారని దానికి తెలిసే దారి ఏది? అమెరికాలో ఆ నావికుల ఇళ్లల్లో వాళ్లకు మాత్రం ఓడ ఎక్కడుందో కూడా తెలియదు.

ఐస్‌ల్యాండ్‌కు పైనుంచి ఉత్తరంగా చుట్టు తిరిగి ఓడ అక్టోబర్ మూడో వారంలో నార్వేలోని ట్రోమ్సో చేరింది. మంచినీళ్ల కోసమన్నారు. బ్రిటిష్ నావికుల్ని అక్కడ దించేశారు. నార్వే నీళ్లిచ్చి, ఇక బయలుదేరమంది. అంతవరకు నార్వే చేసింది నియమం ప్రకారమే. 1907 నాటి హేగ్ ఒప్పందాల్లో పదమూడోది సముద్ర యుద్ధంలో తటస్థ దేశాల హక్కులు, బాధ్యతల గురించి. అందులో 21వ అధికరణం చెప్పేది స్పష్టంగా ఉంటుంది. పట్టుబడ్డ ఓడను తటస్థ రేవులోకి తేవాలంటే కారణాలు కొన్నే. ఓడ ప్రయాణానికి పనికిరాని స్థితిలో ఉండాలి, లేదా తుఫాను, లేదా ఇంధనమో ఆహారమో కొరవడాలి. ఆ కారణం తీరగానే వెళ్లిపోవాలి. వెళ్లకపోతే తటస్థ దేశం ఆ ఓడను సిబ్బందితో సహా విడిపించాలి, పట్టుకొచ్చినవాళ్లను నిర్బంధించాలి. ఇక్కడ ‘చేయవచ్చు’ అన్న వెసులుబాటు లేదు. చేసి తీరాలి.

ట్రోమ్సో నుంచి జర్మన్లు ఓడను తూర్పుకు తిప్పి అక్టోబర్ 23న సోవియట్ యూనియన్‌లోని మూర్మాన్‌స్క్ రేవుకు చేర్చారు. అసలు తగాదా ముదిరింది ఇక్కడే.

అంతకు సరిగ్గా రెండు నెలల ముందు, ఆగస్టు 23న, మాస్కోలో జర్మనీ, సోవియట్ యూనియన్‌లు పరస్పరం దాడి చేసుకోబోమని ఒప్పందం చేసుకున్నాయి. పోలండ్‌ను చెరోవైపు నుంచీ ఆక్రమించుకున్నాయి. కాగితం మీద మాత్రం బ్రిటన్, జర్మనీల యుద్ధంలో సోవియట్ యూనియన్ తటస్థ దేశం. ఇప్పుడు ఆ తటస్థత నిజమెంతో తేల్చే ఓడ రేవులోకి వచ్చి నిలబడింది.

సోవియట్ అధికారులు మొదట జర్మన్ నావికుల్ని నిర్బంధించామని ప్రకటించారు. అది వినగానే వాషింగ్టన్‌కు ఆశ పుట్టింది. జర్మన్లు నిర్బంధంలో ఉంటే ఓడ అమెరికన్ల చేతికి రావాలి కదా. ఒకట్రెండు రోజులు గడిచేసరికి మాట మారింది. యంత్రాలు దెబ్బతినడం వల్ల ఓడ రేవులోకి వచ్చిందని, కాబట్టి అది చెల్లే కారణమేనని, జర్మన్లను వదిలేశామని చెప్పారు. దెబ్బతిన్నది ఏ యంత్రం, ఎంతమేరకు అన్నది ఓడ ఇంజినీర్లను అడిగితే తెలిసేది. ఆ ఇంజినీర్లు అమెరికన్లు. వాళ్లను అడిగే అవకాశం అమెరికా రాయబారికి దొరకలేదు.

ఈ వ్యవహారం మొత్తంలో ఆగి చూడాల్సిన చోటు ఇదే. మాస్కోలో అమెరికా రాయబారి లారెన్స్ స్టైన్‌హార్ట్. ఓడ ఉన్నది ఆయన పనిచేస్తున్న దేశంలోనే. కెప్టెన్ గేనార్డ్, ఆయన మనుషులు ఆ దేశపు రేవులోనే ఉన్నారు. రోజుల తరబడి విదేశాంగ శాఖ చుట్టూ తిరిగినా, విదేశాంగ ఉపమంత్రి హోదాలో ఉన్న పొటెమ్కిన్‌ను కలిసి అడిగినా, స్టైన్‌హార్ట్‌కు తమ కెప్టెన్‌తో నేరుగా ఒక్క మాట మాట్లాడే వీలు దొరకలేదు. సిబ్బంది క్షేమమేనా, ఓడ ఎలా ఉంది, జర్మన్లు ఏ కారణం చెప్పి రేవులోకి తెచ్చారు అన్న ప్రశ్నలన్నిటికీ జవాబు సోవియట్ అధికారులు ఏది చెబితే అదే. అంటే ఒకవైపు వాంగ్మూలం మాత్రమే విని తీర్పు చెప్పిన పంచాయితీ అది.

ఇలాంటి వివాదాల్లో ఓడ యజమాన్యం, సరుకు విలువ, ఒప్పందాల్లోని అధికరణాల మీద పేజీలకు పేజీలు రాస్తారు. అవి అవసరమే. కానీ ఆ వాదనలన్నీ నిలబడేది వాస్తవాల మీద. వాస్తవాలు తెలిసినవాళ్లు ఓడలో ఉన్నారు. వాళ్ల దగ్గరికి వెళ్లే తలుపు ఎవరి చేతిలో ఉంటే కథ వాళ్లు చెప్పిందే. ఓడను తిరిగి ఇవ్వాలా వద్దా అన్నది నెలలు పట్టినా పట్టొచ్చు. సిబ్బందితో వాళ్ల దేశపు ప్రతినిధిని మాట్లాడనివ్వడం మాత్రం గంటల్లో జరిగిపోవాల్సిన పని. అది జరగలేదంటే దాచాల్సింది ఏదో ఉందనే అనుకోవాలి. మూర్మాన్‌స్క్‌లో దాచింది ఏమిటో పెద్దగా ఊహించనక్కర్లేదు. కొత్త స్నేహితుడైన జర్మనీని నొప్పించకుండా, అమెరికాతో పూర్తిగా చెడకుండా బయటపడాలని మాస్కో చూసింది. అందుకే ఓడను జర్మనీకి ఇచ్చామని అనలేదు, అమెరికాకు తిరిగి ఇవ్వనూ లేదు. జర్మన్ల చేతిలోనే ఉంచి, వెంటనే రేవు విడిచి వెళ్లమంది. అక్టోబర్ 28న ఓడ మూర్మాన్‌స్క్ నుంచి కదిలింది.

అమెరికా వాదనకు బలమైన ఆధారం ఒకటి ఉంది. అది తన సొంత కోర్టు తీర్పే. 1916లో మోవె అనే జర్మన్ యుద్ధనౌక ఆప్పమ్ అనే బ్రిటిష్ ఓడను పట్టుకుంది. జర్మన్ నావికులు దాన్ని అట్లాంటిక్ దాటించి వర్జీనియా తీరానికి తెచ్చారు. అమెరికా అప్పటికి తటస్థ దేశం. అక్కడే ఓడను భద్రంగా పెట్టుకుందామని జర్మనీ ఆశ. తటస్థ రేవు పట్టుబడ్డ ఓడల్ని దాచుకునే గోదాము కాదని 1917 మార్చిలో అమెరికా సుప్రీంకోర్టు తేల్చి, ఓడను బ్రిటిష్ యజమానులకు ఇప్పించింది. మేం మా రేవులో పాటించిన నియమమే మీరు మీ రేవులో పాటించండి అని అడిగే అర్హత 1939లో అమెరికాకు ఆ తీర్పు వల్లే వచ్చింది. దౌత్యంలో పాత తీర్పులకు ఇంత విలువ ఎందుకో ఇలాంటప్పుడు తెలుస్తుంది. అయితే వినే మనసు అవతలివాళ్లకు ఉండాలి.

అటు వాషింగ్టన్‌లో ఇంకో టెన్షన్ నడుస్తోంది. యుద్ధంలో ఉన్న దేశాలకు ఆయుధాలు అమ్మొచ్చా లేదా అన్నదాని మీద తటస్థతా చట్టం సవరణ అప్పుడే కాంగ్రెస్ ముందుంది. అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ప్రభుత్వం గట్టిగా కేకలేస్తే దేశాన్ని యుద్ధంలోకి లాగుతున్నారంటారు, ఊరుకుంటే తమ పౌరుల్నే కాపాడుకోలేకపోయారంటారు. ఇంకా పెద్ద భయం వేరే ఉంది. నార్వే తీరం బయట బ్రిటిష్ నౌకాదళం కాపు కాస్తోంది. అది అడ్డగిస్తే జర్మన్లు ఓడను వదులుకోవడం కంటే ముంచేయడానికే చూడొచ్చు. అప్పుడు చచ్చిపోయేది అమెరికన్లు. విడిపించబోయి చంపుకోవడం అంటే అదే. కెప్టెన్ గేనార్డ్ తనవాళ్లను తిరగబడనివ్వకుండా నెట్టుకొచ్చాడంటే దాని వెనక ఉన్నది పిరికితనం కాదు, ఈ లెక్కే. కొద్దిమంది జర్మన్లను పడగొట్టడం సాధ్యమే కావచ్చు. ఎంతమంది మిగులుతారన్నదే ఆయన ప్రశ్న.

బ్రిటిష్ నౌకల బారిన పడకుండా జర్మన్లు నార్వే తీరాన్ని ఆనుకుని, ఆ దేశపు జలాల్లోంచే దక్షిణంగా వచ్చారు. ఆగకుండా సాగిపోతే తటస్థ జలాల్లోంచి వెళ్లడం తప్పు కాదు. నార్వే ఓలాఫ్ త్రిగ్వాసన్ అనే మైన్లు పరిచే నౌకను వెంట పంపింది. ఓడ కదులుతున్నంతసేపు నార్వే చేతులు కట్టుకుని చూడాల్సిందే. హౌగెసుండ్ దగ్గర లంగరు వేసిన మరుక్షణం లెక్క మారిపోయింది. తుఫాను లేదు, బొగ్గు అయిపోలేదు, ఓడ చెడిపోలేదు. ఒక నావికుడి అనారోగ్యం హేగ్ ఒప్పందం చెప్పిన కారణాల్లో లేదు. ఆగడానికి అనుమతి కూడా లేదు. అలాంటప్పుడు ఏం చేయాలో ఒప్పందంలోనే రాసి ఉంది, నార్వే అదే చేసింది. జర్మనీ నిరసన తెలిపింది. నార్వే విదేశాంగ మంత్రి హాల్వ్‌దాన్ కోట్ ఆ నిరసనను తోసిపుచ్చాడు.

ముప్పై లక్షల జనాభా కూడా లేని దేశం, పొరుగునే ఉన్న హిట్లర్ జర్మనీకి ఎదురుచెప్పింది. అదే పని చేయడానికి సోవియట్ యూనియన్ అంతటి దేశానికి మనసు రాలేదు. రెండు చోట్లా ఓడ అదే, ఒప్పందం అదే, జర్మన్లు చెప్పిన సాకులూ ఇంచుమించు ఒకే తీరు. తేడా అంతా ఆ సాకును పరీక్షించాలనుకున్నారా లేదా అన్నదాంట్లోనే. నార్వే పరీక్షించింది.

విడుదలైన మర్నాడే, నవంబర్ 4న, రూజ్‌వెల్ట్ కొత్త తటస్థతా చట్టం మీద సంతకం చేశాడు. దాని కింద బ్రిటన్ చుట్టుపక్కల సముద్రం అమెరికా ఓడలకు నిషిద్ధ ప్రాంతమైంది. కాబట్టి సిటీ ఆఫ్ ఫ్లింట్ ఏ సరుకు కోసం ఇన్ని కష్టాలు పడిందో ఆ సరుకును గమ్యానికి చేర్చే దారి లేకుండా పోయింది. బెర్గెన్ రేవులోనే దించేయాల్సి వచ్చింది. సిబ్బంది 1940 జనవరిలో అమెరికా చేరుకున్నారు. గేనార్డ్‌కు నేవీ క్రాస్ పతకం ఇచ్చారు.

నార్వే అన్నిసార్లూ ఇంత నిక్కచ్చిగా లేదు. ఆ మాట దాచడం న్యాయం కాదు. మూడు నెలలు తిరిగేసరికి, 1940 ఫిబ్రవరిలో, ఆల్ట్‌మార్క్ అనే జర్మన్ ఓడ అదే తీరం వెంట వచ్చింది. గ్రాఫ్ ష్పే అనే యుద్ధనౌక ముంచేసిన బ్రిటిష్ వాణిజ్య ఓడల సిబ్బంది 299 మంది దాని అడుగు గదుల్లో బందీలుగా ఉన్నారు. నార్వే అధికారులు ఓడెక్కారు, కాగితాలు చూశారు, కింది గదులు మాత్రం వెతకలేదు. బందీలు కింద నుంచి చప్పుడు చేస్తే అది పైకి వినబడకుండా జర్మన్లు వించ్ యంత్రాలు ఆడించారు. చివరికి ఫిబ్రవరి 16 రాత్రి యోసింగ్ ఫ్యోర్డ్ అనే ఇరుకైన సముద్రపు పాయలో బ్రిటిష్ యుద్ధనౌక కొసాక్ నార్వే తటస్థతను పక్కనపెట్టి లోపలికి చొరబడి వాళ్లను విడిపించింది. ఈసారి నిరసన తెలిపింది నార్వే. ఎవరి తప్పెంత అని న్యాయ నిపుణులు ఇప్పటికీ వాదించుకుంటారు. ఆ నేల కింది చప్పుడు విని ఒక్క తలుపు తెరిపించి ఉంటే ఆ వాదనే అవసరం లేకపోయేది.

ఆ 299 మందిలో మనవాళ్లు కూడా ఉన్నారన్నది ఎక్కువగా చెప్పుకోని సంగతి. కలకత్తా నుంచి బ్రిటన్‌కు వెళ్తూ దొరికిపోయిన హంట్స్‌మన్ ఓడలో పనిచేసే భారతీయ లస్కర్లు వాళ్లు. ఆంధ్రలో కాలువల మీద గేట్లు ఎత్తి దించే ఉద్యోగులను పిలిచే లస్కర్ అన్న మాట, ఓడల మీద పనిచేసే భారతీయులకు యూరోపియన్లు వాడిన మాట ఒకటే. యుద్ధం ఎవరిదో, తగాదా ఎవరిదో. బాయిలర్‌లో బొగ్గు వేయడానికి కుదిరిన ఈ మనిషి ఓడ అడుగున నెలల తరబడి బందీగా ఉన్నాడు. దౌత్య లేఖల్లో అతను ఒక అంకె మాత్రమే.

బంగాళాఖాతానికి కూడా ఈ అనుభవం కొత్త కాదు. 1914 సెప్టెంబర్‌లో జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్ ఇక్కడ వేటాడింది. అప్పట్లో కోస్తా, రాయలసీమ జిల్లాలకు రాజధాని అయిన మద్రాసులో సెప్టెంబర్ 22 రాత్రి చమురు ట్యాంకుల్ని పేల్చిన నౌక అదే. దానికి పది రోజుల ముందు సంగతులు ఇంకా ఆసక్తికరం. బెంగాల్ బొగ్గుతో వస్తున్న పొంటొపొరోస్ అనే గ్రీకు ఓడను పట్టుకుంది. ఓడ తటస్థ దేశానిది, బొగ్గు బ్రిటిష్ వాళ్లకు చేరాల్సింది. ఎమ్డెన్ కెప్టెన్ ముల్లర్ దాన్ని ముంచకుండా తన వెంట బొగ్గు ఓడగా తిప్పుకున్నాడు. కబింగా అనే బ్రిటిష్ ఓడ దొరికితే దాన్నీ ముంచలేదు. అందులో సరుకు అమెరికన్లది, ముంచితే నష్టపరిహారం కట్టాలి. అందుకని పట్టుబడ్డ నావికులందరినీ అందులోకి ఎక్కించి పంపేశాడు. లొరెడానో అనే ఇటలీ ఓడను ఆపి, తటస్థ దేశానిదని వదిలేశాడు. అది నేరుగా వెళ్లి ఎమ్డెన్ ఫలానా చోట తిరుగుతోందని బ్రిటిష్ వాళ్లకు చెప్పేసింది. ఆ తర్వాత దొరికిన వాళ్లను డోవ్రె అనే నార్వే ఓడలో రంగూన్ పంపించాడు. ఒక్క వారం పది రోజుల్లో తటస్థ ఓడతో వచ్చే చిక్కులన్నీ మన సముద్రంలోనే కనిపించాయి. ముల్లర్‌ను శత్రువులు కూడా మెచ్చుకున్నారంటే కారణం మనుషుల విషయంలో అతను పాటించిన ఈ పద్ధతే.

ఓడను ముట్టుకోకుండా మనుషుల్ని మాత్రం దించుకుపోయిన సందర్భాలూ ఉన్నాయి. 1861లో ట్రెంట్ అనే బ్రిటిష్ ఓడ నుంచి అమెరికా నౌకాదళం, అంతర్యుద్ధంలో దేశం నుంచి విడిపోయిన దక్షిణ రాష్ట్రాల రాయబారుల్ని ఇద్దరిని దించుకుపోతే బ్రిటన్ యుద్ధం దాకా వెళ్లింది, చివరికి వాళ్లను వదలాల్సి వచ్చింది. 1940 జనవరి 21న అదే బ్రిటన్ జపాన్ తీరానికి దగ్గర్లో అసామా మారు అనే జపాన్ ఓడను ఆపి 21 మంది జర్మన్లను దించుకుపోయింది. జపాన్‌లో జనం మండిపడ్డారు. తర్వాత తొమ్మిది మందిని తిరిగి ఇచ్చి బ్రిటన్ సర్దుకుంది.

ఇప్పటి పరిస్థితి చూస్తే ఒక విషయంలో మెరుగు, ఇంకో విషయంలో అధ్వానం. 1963 వియన్నా ఒప్పందంలోని 36వ అధికరణం, నిర్బంధంలో ఉన్న తమ పౌరుల్ని కలిసే హక్కు దౌత్య కార్యాలయాలకు ఇచ్చింది. స్టైన్‌హార్ట్ చేతిలో అలాంటి ఆయుధం లేదు. అధ్వానమైంది ఓడల జాతీయత. సిటీ ఆఫ్ ఫ్లింట్ విషయంలో జెండా, యజమాని, సిబ్బంది అంతా అమెరికానే కాబట్టి ఎవరు అడగాలో తేలిక. ఇప్పుడు జెండా ఒక దేశానిది, యజమాని ఇంకో దేశం, అద్దెకు నడిపేవాళ్లు మరో దేశం, సిబ్బంది నాలుగైదు దేశాలవాళ్లు. ఓడ పట్టుబడితే వీళ్ల తరఫున గొంతెత్తాల్సింది ఎవరు?

2024 ఏప్రిల్ 13న హోర్ముజ్ జలసంధి దగ్గర ఇరాన్ దళాలు హెలికాప్టర్ నుంచి ఎంఎస్‌సీ ఏరీస్ అనే కంటైనర్ ఓడ మీదికి దిగాయి. జెండా పోర్చుగల్‌ది. ఇజ్రాయెల్‌తో ముడిపడ్డ ఓడ అన్నది ఇరాన్ చెప్పిన కారణాల్లో ఒకటి. అందులో ఉన్న 25 మందిలో 17 మంది భారతీయులు. విదేశాంగ మంత్రి జైశంకర్ ఇరాన్ విదేశాంగ మంత్రికి ఫోన్ చేసినప్పుడు వచ్చిన తొలి హామీ, భారత అధికారులు సిబ్బందిని త్వరలో కలవొచ్చని. ఓడ సంగతి కాదు, సరుకు సంగతి కాదు, ముందు మనుషుల్ని చూడనివ్వడం. ఆ వరుస సరైనది. అయిదు రోజులకు ఒకరు కొచ్చిలో దిగారు, మే 9న మరో అయిదుగురు బయటపడ్డారు. శ్రీకాకుళం, విశాఖ నుంచి ఎంతోమంది మర్చంట్ నేవీలో పనిచేస్తున్నారు. ఆ ఇళ్లల్లో ఇలాంటి వార్త టీవీలో స్క్రోల్ అవుతుంటే ముందు అడిగేది ఓడ ఏ దేశానిదని కాదు, ఫోన్ కలిసిందా అని.

గెలాక్సీ లీడర్ సిబ్బందికి అది కూడా కలిసిరాలేదు. 2023 నవంబర్ 19న టర్కీ నుంచి గుజరాత్‌లోని పిపావావ్‌కు వస్తున్న ఆ ఓడను ఎర్ర సముద్రంలో యెమెన్‌కు చెందిన సాయుధ వర్గం హౌతీలు పట్టుకున్నారు. జెండా బహమాస్‌ది, నడిపేది జపాన్ కంపెనీ, యజమాన్యానికి ఇజ్రాయెల్ వ్యాపారవేత్తతో సంబంధం. సిబ్బంది 25 మంది ఫిలిప్పీన్స్, బల్గేరియా, యుక్రెయిన్, మెక్సికో, రొమేనియా దేశాలవాళ్లు. గాజా యుద్ధంలో వాళ్లలో ఏ ఒక్కరి దేశానికీ భాగం లేదు. పట్టుకున్నది ప్రభుత్వంగా ఎక్కువ దేశాలు గుర్తించని వర్గం కాబట్టి వియన్నా ఒప్పందం చూపించి అడగడానికీ అవతల సరైన మనిషి లేడు. పట్టుకున్న ఓడనేమో జనానికి చూపించే వస్తువుగా మార్చారు, సందర్శకులు వచ్చి డెక్కు మీద ఫొటోలు దిగారు. గాజాలో కాల్పుల విరమణ మొదలయ్యాక, 2025 జనవరి 22న, ఒమన్ మధ్యవర్తిత్వంతో ఆ 25 మంది బయటికొచ్చారు. అప్పటికి 430 రోజులు.

సిటీ ఆఫ్ ఫ్లింట్ విషయంలో ఓడా మనుషులూ కలిసే ఇంటికి చేరారు. ఓడ 1943 జనవరిలో జర్మన్ జలాంతర్గామి టార్పెడోకు మునిగింది, అప్పటికి అమెరికా కూడా యుద్ధంలో ఉంది. దాన్ని విడిపించిన ఓలాఫ్ త్రిగ్వాసన్ 1940 ఏప్రిల్ 9న, జర్మనీ నార్వే మీదికి వచ్చిన రోజున, ఓస్లో ఫ్యోర్డ్‌లోని హోర్టెన్ రేవును కాపాడుతూ పోరాడి చివరికి శత్రువు చేతికి చిక్కింది. అదే రోజు అదే ఫ్యోర్డ్‌లోకి చొరబడిన జర్మన్ నౌకల్లో ఒకటి డాయిచ్‌లాండ్, పేరు మార్చుకుని లుట్‌జౌగా. గెలాక్సీ లీడర్ మాత్రం యెమెన్ తీరంలోనే ఉండిపోయింది. 2025 జూలైలో ఇజ్రాయెల్ దాని మీద బాంబులు వేసింది. అప్పటికి అందులో ఆ 25 మందిలో ఎవరూ లేరు.